శివారు రైతుకు చట్టం ఇచ్చిందేమిటి?

నాగార్జునసాగర్ కుడికాలువ 11,000 క్యూసెక్కుల సామర్థ్యంతో బయలుదేరి 203 కిలోమీటర్లు సాగుతుంది. దాని నుంచి శాఖా కాలువలు, మేజర్లు, మైనర్లు చీలి చివరకు పొలం గట్టున తూముగా ముగుస్తాయి. జలాశయంలో నీరు చాలినంత లేని ఏడాది ఎగువ తూములు నిండుగా పారినా ప్రకాశం జిల్లా శివారు భూములకు చేరేది అంతంతమాత్రమే. ఆరుతడి పంటలకు నిర్ణయించిన భూములలో సైతం వరి వేయడం, తూముల వద్ద అనధికారికంగా నీరు మళ్లించడం, పూడిక, తూటికాడ.. కారణాలన్నీ అందరికీ తెలిసినవే. వీటిని అదుపు చేసే అధికారం సాగునీటి శాఖ సిబ్బందికే కాదు, రైతులకూ ఉందన్న విషయం మాత్రం చాలామందికి తెలియదు.

ఆ అధికారానికి మూలం 1997లో రాష్ట్ర శాసనసభ ఆమోదించిన నీటిపారుదల వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం (1997లోని 11వ చట్టం). దీని ప్రకారం అదే ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా ఎన్నికలు జరిగి, 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పెద్ద ప్రాజెక్టులలో ఇవి మూడంచెలుగా ఉంటాయి. కింద నీటి సంఘం, దానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ.

సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విభజించారు. ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక్కో సభ్యుడు పాలకవర్గంలోకి వస్తాడు. శివారు రైతుకు ఇది కీలకం. అధ్యక్షుడు ఎగువ గ్రామం వాడైనా, కాలువ చివరి భాగం తరఫున మాట్లాడేందుకు ఒక మనిషి బల్ల దగ్గర ఉంటాడు. 1997లో అధ్యక్షుని రైతులే నేరుగా ఎన్నుకున్నారు. 2003 సవరణతో ఆ ఎన్నిక సభ్యుల చేతికి మారింది. కనుక చివరి నియోజకవర్గం నుంచి ఎవరిని పంపుతున్నామన్నది మరింత ముఖ్యమైంది.

సంఘం చేయవలసిన పనులను చట్టం స్పష్టంగా పేర్కొంది. ప్రతి సాగు కాలానికి వారబందీ, అనగా వంతులవారీ నీటి పంపిణీ పట్టిక తయారు చేసి అమలుపరచాలి. తూముల మధ్య నీటి వినియోగాన్ని క్రమబద్ధం చేయాలి. పంట ముగిశాక కాలువ మరమ్మతులకు ప్రణాళిక రూపొందించాలి. భూ యజమానుల రిజిస్టరు నిర్వహించాలి. చివరకు కాలువ గట్ల వెంట చెట్లు పెంచే బాధ్యత కూడా సంఘానిదే. చెట్ల సంగతి అటుంచి, వారబందీ పట్టికను కళ్లారా చూసిన రైతులే అరుదు.

సొమ్ము ఎక్కడిది?

మొదటి తరగతి జలవనరు కింద తొలి వరి పంటకు ఎకరాకు రూ.200 చొప్పున నీటి తీరువా నిర్ణయించారు. పెద్ద ప్రాజెక్టులలో ఇందులో 50 శాతం నీటి సంఘానికి, 20 శాతం డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 20 శాతం ప్రాజెక్టు కమిటీకి, 10 శాతం గ్రామ పంచాయతీకి చేరేలా పంపకం చేశారు. వెయ్యి ఎకరాల మాగాణి ఉన్న సంఘానికి ఈ లెక్కన రూ.లక్ష రావాలి. అయితే అది తీరువా పూర్తిగా వసూలై, సకాలంలో తిరిగి విడుదలైనపుడే. వసూలు చేసేది రెవెన్యూ శాఖ, ఖర్చు చేయవలసింది సంఘం. ఈ రెంటి నడుమ జాప్యం జరిగిన ఏడాది షట్టరుకు గ్రీజు పూయడానికీ దిక్కుండదు.

తీరువా బకాయి ఉన్నవారు పోటీకి అనర్హులు. కనుక చెల్లించిన రసీదును భద్రపరచుకోవడం మంచిది.

కౌలుదారు సంగతి

చట్టంలోని పెద్ద లోటు ఇక్కడే ఉంది. ఓటు హక్కు భూమి రికార్డును బట్టి వస్తుంది. నోటిమాటపై కౌలు చేసేవారి పేరు రికార్డులో ఉండదు. ఇతర నీటి వినియోగదారులను సభ్యులుగా చేర్చుకునే వీలున్నా వారికి ఓటు లేదు. రాత్రివేళ తూము వద్ద కాపలా కాసేది కౌలుదారు, ఓటు మాత్రం పట్టణంలో నివసించే యజమానిది. 2011, 2019 సంవత్సరాలలో కౌలుదారుల కోసం వేరుగా చట్టాలు వచ్చినప్పటికీ వాటి దృష్టి ప్రధానంగా పంట రుణం, నష్టపరిహారం వంటి వాటిపైనే నిలిచింది.

సుదీర్ఘ విరామం అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. శివారు రైతులు ఇపుడు తమ నియోజకవర్గ సభ్యుని ద్వారా వారబందీ పట్టికను లిఖితపూర్వకంగా కోరవచ్చు. వంతు ప్రకారం నీరు రాకుంటే సంఘంపై డిస్ట్రిబ్యూటరీ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పరిష్కారానికి చట్టం ఇచ్చిన గడువు 15 రోజులు. ఆపై ప్రాజెక్టు కమిటీకి అప్పీలు చేస్తే మరో 15 రోజులు. పొట్టదశలో ఉన్న వరి అన్నాళ్లు ఆగదు కాబట్టి, నీరు విడుదలైన తొలి వంతులోనే తేడాను గమనించి కాగితం పెట్టవలసి ఉంటుంది.