జప్తయిన పుస్తకానికి న్యాయమార్గం

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించిన సంగతి మన సభల్లో తరచు వింటాం. నిషేధాన్ని న్యాయస్థానంలో ఎలా ఎదిరించాలో మాత్రం అంతగా చర్చించుకోం. నేనిక్కడ చెప్పదలచింది అదే.

రేపు కొల్లేటి చేపల చెరువుల తగాదాపై ఒక రచయిత నవల రాసి ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో అచ్చువేశాడనుకుందాం. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని జప్తు చేయదలిస్తే, తన అభిప్రాయానికి కారణాలు చూపుతూ ప్రకటన జారీ చేయాలి. పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 95వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షను.

ప్రకటన గెజెట్‌లో వెలువడిన రెండు నెలల్లోగా, ఆ పుస్తకంతో సంబంధం ఉన్నవారెవరైనా 99వ సెక్షను కింద హైకోర్టుకు వెళ్ళవచ్చు. ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక బెంచి విచారిస్తుంది.

పెరియార్ రామాయణ విమర్శనూ, దాని హిందీ అనువాదాన్నీ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేసినప్పుడు లలాయీ సింగ్ యాదవ్ అలహాబాదు హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. 1976లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. జప్తు ఉత్తర్వులో పేజీలు, పంక్తులు ఉన్నాయి, కారణాలు లేవు.

కనుక మనం ఖండన తీర్మానంతో ఆగకూడదు. ముందు గెజెట్ ప్రతి సంపాదించాలి, తేదీ చూడాలి, కారణాలున్నాయో లేవో చదవాలి. గడువు దాటాక ఎంత న్యాయమైన వాదనకైనా ఈ తలుపు తెరుచుకోవడం కష్టం.