ఇంటి వ్యర్థాల వింగడింపు – ఒక ధర్మబాధ్యత

పరిశుభ్రత అనగానే మనకు వుజూ, గుసుల్, వస్త్రశుద్ధి గుర్తుకు వస్తాయి. నమాజుకు నిలబడే చోటు శుభ్రంగా ఉన్నదా లేదా అని చూచుకుంటాము. కాని మన గుమ్మం దాటి వెళ్ళే చెత్త ఏమవుతున్నదో, దానిని ఎవరి చేతులు తాకుతున్నవో విచారించేవారు తక్కువ. ఇది పురపాలక సంఘానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇందులో సాటిమనిషి హక్కు ఇమిడి ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అనుభవాన్ని ఆధారం చేసుకొని దీనిని పరిశీలిద్దాము.

ఈ ప్రాంతపు పాత పల్లె ఇళ్ళలో అన్నింటినీ ఒకే ముద్దగా పారవేసే అలవాటు లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి. పేడ, ఊడ్చిన ఆకులు పెంటపోగు చేరి, గెత్తమై పొలానికి తరలేవి. పొయ్యి బూడిద అంట్లు తోమడానికి పనికివచ్చేది. పాత ఇనుము, సీసాలు, చిత్తు కాగితాలు తూకానికి కొనేవాడు వీధిలోకి వచ్చేవాడు. ఏ వస్తువు ఏ దారిన పోవాలో ఇల్లాలికి తెలుసు. పశువులు తగ్గి, గ్యాస్ పొయ్యి వచ్చి, ప్లాస్టిక్ సంచి అలవాటైన తరువాత ఈ దారులు ఒకటొకటిగా మూసుకుపోయాయి. అన్నీ ఒకే సంచిలో చేరాయి.

కలపడంలోనే నష్టమున్నది. పులుసు తగిలిన కాగితం తూకానికి పనికిరాదు. గాజుపెంకు పడిన తొక్కలు ఎరువుకు పనికిరావు. గాలి ఆడని సంచిలో కుళ్ళిన అన్నం దుర్వాసనను, మీథేన్ వాయువును పుట్టిస్తుంది. అదే తడిచెత్తను గాలి ఆడేటట్లు పోగు వేసి, కొంత కుళ్ళిన తరువాత వానపాములను వదిలితే సుమారు 45 నుంచి 60 రోజులలో మంచి ఎరువు అవుతుంది. అనగా, పదార్థం ఒక్కటే. వేరుగా ఉంచితే సంపద, కలిపితే పీడ.

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి దీనికి మంచి దృష్టాంతం. ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తలను వేరుగా సేకరించి, తడిచెత్తను ఎరువుగా మార్చి, చెత్త పారబోసే స్థలాన్నే తోటగా తీర్చిదిద్దిన పురపాలక సంఘంగా అది పేరు పొందింది. కేంద్రప్రభుత్వం 2016లో జారీచేసిన ఘనవ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంటివద్దనే వేరుచేయాలని ఆదేశించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ఆరంభమైన కార్యక్రమం ఇందుకే ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలను నిర్ణయించింది. వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం ఆకుపచ్చ బుట్టకు. కాగితం, సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్ నీలం బుట్టకు. బ్లేడ్లు, సూదులు, గడువు తీరిన మందులు, బ్యాటరీలు ఎర్ర బుట్టకు చెందుతాయి.

ఇక ధర్మశాస్త్రం ఏమంటున్నది? హజ్రత్ మైమూనా (ర) గారి సేవకురాలికి దానంగా లభించిన గొర్రె ఒకటి చచ్చిపోయింది. ఆ కళేబరాన్ని చూచిన దైవప్రవక్త (స), దాని తోలును తీసి, పదును పెట్టి ఎందుకు ఉపయోగించుకోలేదని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అని వారు విన్నవించగా, నిషిద్ధమైనది దానిని తినడమేనని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ సంఘటన మన విషయానికి మూలసూత్రం వంటిది. ఒక ఉపయోగానికి పనికిరానంత మాత్రాన వస్తువు అన్ని ఉపయోగాలకూ పనికిరానిది కాదు.

హనఫీ పండితులు పశువుల పేడను అమ్మడం సమ్మతమే అన్నారు. పొలానికి అది ఉపయోగపడుతుంది గనుక. అశుద్ధ పదార్థం స్వభావమే మారిపోయి బూడిదగానో, మట్టిగానో పరిణమిస్తే దాని విధి కూడా మారుతుందన్నారు. దీనినే ఇస్తిహాలా అంటారు. ఎరువును తాకడానికి జంకేవారి సందేహం దీనితో తీరగలదు. కూరగాయల తొక్కలైతే అసలు అశుద్ధమే కావు.

అయితే మన ఇళ్ళలో మూడు బుట్టలలో దేనికీ చెందనిది ఒకటున్నది. అల్లాహ్ నామం, ఖుర్‌ఆన్ వాక్యాలు ఉన్న కాగితాలు. పెళ్ళిపత్రికలు, క్యాలెండర్లు, మదరసా పిల్లల చిరిగిన పుస్తకాలు తెలియకుండానే చెత్తలో కలిసిపోతున్నాయి. వీటికై గోడకు వేరొక సంచి తగిలించుకోవాలి. శిథిలమైన ఖుర్‌ఆన్ ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పూడ్చిపెట్టడం హనఫీ సంప్రదాయం. మసీదు కమిటీలు ఇందుకు ఒక పెట్టె ఏర్పాటు చేస్తే చాలా ఇళ్ళ సమస్య తీరుతుంది.

బక్రీదునాడు ఈ బాధ్యత మరింత పెరుగుతుంది. ఖుర్బానీ తోలును కసాయికి కూలిగా ఇవ్వరాదని మనకు తెలుసు. పేగులను, రక్తాన్ని వీధి కాలువలో వదలరాదన్నది కూడా అంతే శ్రద్ధతో తెలుసుకోవాలి. లోతుగా గొయ్యి తీసి పూడ్చడమో, పురపాలక వాహనానికి విడిగా అప్పగించడమో మేలు.

ఎంత చెప్పినా, చెత్త ఎక్కడో ఒకచోట వేరు చేయబడవలసిందే. ఇంటిలో మనం చేయకపోతే, కుప్పమీద మరొకరు చేస్తారు. మనం పారవేసిన బ్లేడు ఆ పారిశుధ్య కార్మికురాలి వేలిని కోస్తుంది. మన ఇంటి పసిపిల్లల డైపరును ఆమె చేతులతో విప్పవలసి వస్తుంది. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. తొలగించడమే విశ్వాసమైతే, దానిని మనమే ఇతరుల దారిలో పెట్టడం ఏమవుతుందో ఆలోచించాలి. బ్లేడును అట్టముక్కలో చుట్టి విడిగా ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం ఆమెకు మనం చెల్లించవలసిన హక్కు.

సాటివారి హక్కులను గుర్తించి నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!