పిల్లికూనకు ఐదో నెల నిండకముందే



గత నెల ఆరో తరగతి పిల్లలను 'మై పెట్' మీద పది వాక్యాలు రాయమన్నాను. నాచారం నుంచి వచ్చే ఒక పాప తమ పిల్లి రంగు, అది తినేవి, పడుకునే చోటు అన్నీ చక్కగా రాసింది. పదో వాక్యం మాత్రం ఇలా ఉంది: మా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది, నాన్న వాటిని అట్టపెట్టెలో తీసుకెళ్లి వదిలేశారు, ఎక్కడో నాకు చెప్పలేదు. తప్పులు దిద్దడానికి ఎర్ర పెన్ను పట్టుకున్న నేను అక్కడే ఆగిపోయాను. పాప వాళ్ల అమ్మగారు ఒప్పుకున్నాకే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

ఆ నాన్నగారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రెండు గదుల ఫ్లాట్‌లో ఐదు పిల్లులను ఎవరు పెంచగలరు? కానీ అట్టపెట్టె దాకా రాకుండా ఆపే అవకాశం కొన్ని నెలల ముందే ఉంటుంది. అదే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. అది ఎప్పుడు చేయించాలో చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు. 'సంవత్సరం నిండాక చూద్దాంలే' అనుకున్నాను. మా పిల్లి ఏడో నెలకే తల్లయింది.

ఏ వయసులో చేయించాలి?

ఆరోగ్యంగా ఉన్న పిల్లికి, ఆడదైనా మగదైనా, నాలుగు నెలలు దాటాక, ఐదు నెలలు నిండేలోపు చేయించడం మంచిది. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ కూడా 2017లో ఇదే సిఫారసును సమర్థించింది. కారణం సులభం. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. గర్భం సుమారు తొమ్మిది వారాలు. ఈనిన కొద్ది వారాలకే, కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ కట్టవచ్చు.

మన బడి క్యాలెండర్‌తో లెక్క వేసి చూడండి. జూన్‌లో బడులు తెరిచేనాటికి పుట్టిన కూనకు దసరా సెలవుల సమయానికి నాలుగు నెలలు. అప్పుడు వదిలేస్తే సంక్రాంతికి అదే తల్లి కావచ్చు.

ఇంకో విషయం. పిల్లి ఎదకు రావడం పగటి వెలుతురు మీద ఆధారపడి ఉంటుంది. చలి దేశాల్లో శీతాకాలపు పగళ్లు చాలా చిన్నవి కాబట్టి అక్కడి పిల్లులకు కొన్ని నెలలు విరామం దొరుకుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరులో కూడా పగలు సుమారు పదకొండు గంటలు. పైగా ఇంట్లో ట్యూబ్‌లైట్లు రాత్రి పదింటిదాకా వెలుగుతూనే ఉంటాయి. అందుకే మన దగ్గర 'ఇప్పుడు సీజన్ కాదులే' అని ధీమాగా ఉండలేం.

ఆలస్యమైతే ఏమవుతుంది?

ఎదకు వచ్చిన పిల్లి రాత్రంతా అరుస్తుంది, నేలమీద దొర్లుతుంది, నడుము వంచి తోక పక్కకు పెడుతుంది. కొందరు జబ్బు చేసిందనుకుంటారు, పొరుగువారు అపశకునం అంటారు. రెండూ కాదు. జత కట్టకపోతే ఈ అరుపులు రెండు మూడు వారాలకోసారి తిరిగి వస్తుంటాయి. మగపిల్లి గోడలమీద, తలుపులమీద ఘాటైన వాసనతో మూత్రం చిమ్ముతుంది. ఆడతోడు కోసం బాల్కనీ దాటి వెళ్లి, పోట్లాడి, గాయాలతో తిరిగొస్తుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు వైపో, నాచారం పారిశ్రామికవాడలో లారీలు తిరిగే రోడ్డు మీదకో వెళ్తే తిరిగి రాకపోవచ్చు కూడా.

ఆరోగ్యం సంగతీ ఉంది. 2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరు నెలలలోపు ఆపరేషన్ అయిన ఆడపిల్లులకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తక్కువగా కనిపించింది. పిల్లుల్లో వచ్చే రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణాంతకమైనవే. గర్భసంచి తీసేస్తారు కాబట్టి దానికి చీము పట్టే ప్రమాదమూ తప్పుతుంది.

పెద్దవాళ్లు చెప్పే మాట

'ఒక్కసారైనా పిల్లల్ని పెట్టనివ్వండి, పాపం' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఒక ఈత వల్ల పిల్లి ఆరోగ్యానికి అదనంగా వచ్చే మేలేమీ లేదు. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. అపార్ట్‌మెంట్‌లో ఆ ఏడిళ్లు ఎక్కడున్నాయి? లిఫ్ట్ గది, వాచ్‌మన్ గది, కార్ల కింద నీడ. అంతే.

ఆపరేషన్‌కు ముందు, తర్వాత

ఎనిమిది వారాల వయసు నుంచి టీకాలు మొదలుపెట్టించండి. మూడు నెలలకు రేబిస్ టీకా. ఆ తర్వాత డాక్టర్ బరువు, ఆరోగ్యం చూసి తేదీ చెబుతారు. ముందు ఎన్ని గంటలు తిండి ఆపాలో తప్పకుండా అడగండి. కూనలను పెద్ద పిల్లుల్లా రాత్రంతా పస్తు ఉంచకూడదు. ఫీజులో మత్తు, నొప్పి మందు, మెడకు కట్టే కాలర్ కలిసి ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. జూబ్లీహిల్స్‌లో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. బయల్దేరే ముందు పిల్లులకు ఆపరేషన్ ఏ రోజుల్లో చేస్తారో ఫోన్‌లో అడగండి.

మగపిల్లి కొద్ది రోజుల్లోనే కోలుకుంటుంది. ఆడపిల్లికి పది నుంచి పద్నాలుగు రోజులు గెంతులు, స్నానం వద్దు. గాయం నాకకుండా కాలర్ ఉంచండి. మగపిల్లికి ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు పిల్లలు పుట్టించే శక్తి ఉండవచ్చు, కాబట్టి అన్నాళ్లూ ఆడపిల్లులకు దూరంగా ఉంచండి. ఆ తర్వాత రెండింటికీ ఒళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. తిండి కొంచెం తగ్గించి పెట్టండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక: నొప్పిగా ఉందని మన ఇంట్లోని పారాసిటమాల్ మాత్ర పిల్లికి ఎప్పుడూ వేయకండి. చిన్న ముక్క కూడా ప్రాణం తీయవచ్చు.

మీ పిల్లి ఇప్పటికే ఈనిందా? దాన్ని బయటకు వదలకుండా ఉంచి, కూనలు పాలు మానాక, ఏడెనిమిది వారాలకు డాక్టర్‌కు చూపించండి. అదే రోజు కూనల ఆపరేషన్ తేదీలు కూడా అడగండి.

పిల్లలకు ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. 'ఇది మళ్లీ పిల్లల్ని పెట్టకుండా డాక్టర్ చిన్న ఆపరేషన్ చేస్తారు, నిద్రలో ఉంటుంది కాబట్టి అప్పుడు నొప్పి తెలియదు' అంటే ఆరో తరగతి పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. కాలర్ సరిగ్గా ఉందో లేదో రోజూ చూసే పని వాళ్లకే ఇవ్వండి. దాచి ఉంచిన విషయమే వాళ్ల మనసులో మిగిలిపోతుంది. ఆ పదో వాక్యం నాకు నేర్పింది అదే.

ఆ పాప ఇంట్లో తల్లిపిల్లికి ఇప్పుడు ఆపరేషన్ అయింది. కాలర్‌తో ఉన్న బొమ్మ గీసి నాకు చూపించింది. మీ ఇంట్లో కూన ఉంటే ఈ రాత్రే దాని వయసు లెక్కపెట్టండి. నాలుగు నెలలు దాటితే సెలవుల కోసం ఆగకండి. ఈ శనివారమే డాక్టర్‌ను కలవండి.