నోరు విప్పితేనే కొలువు
పట్టా చేతికొచ్చినా వదలని బెరుకు - పల్లె విద్యార్థులకు సాధనే మందు

పుట్టపర్తి: "నీ గురించి చెప్పు." ఉద్యోగానికి వెళ్లిన కుర్రవాణ్ణి సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏ పాఠ్యపుస్తకంలోనూ దీనికి జవాబు ఉండదు. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి విద్యార్థి సైతం ఇక్కడే నీళ్లు నములుతాడు. పేరు, ఊరు చెప్పాక మాట పెగలదు.

ఈ ప్రాంతంలో చదువుకు కొదవ లేదు. పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ, అనంతపురం వద్ద శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లోనే ఏర్పడ్డాయి. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. హిందూపురం వైపు పరిశ్రమలున్నాయి. అది దాటితే బెంగళూరు. అప్పు చేసి చదివించిన తండ్రి ఆశంతా వీటి మీదే. ఉన్న ఉద్యోగాలు అందరికీ చాలవు, నిజమే. కానీ పని తెలిసి కూడా చెప్పలేక వెనక్కి రావడం మరీ బాధాకరం.

బెరుకుకు ఇంగ్లీషు ఒక కారణం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. అంతవరకు తెలుగులో చదివిన పిల్లలు తప్పు మాట్లాడితే నవ్వుతారని నోరే విప్పరు. అంతకంటే పెద్ద కారణం, తమకు తెలిసింది విద్యే కాదనుకోవడం.

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి ఆడపిల్లనే తీసుకోండి. పట్టు ఎంత తూకం వచ్చింది, చీరకు ఎంత పట్టింది, కూలి ఎంత రావాలి అన్న లెక్క నోటితోనే చెప్పేస్తుంది. రైతు కొడుకు వేరుశనగ మూటలు మార్కెట్టుకు తోలి, ధర మాట్లాడి, తూకం చీటీ సరిచూసుకుని వస్తాడు. "నీకు అనుభవమేముంది?" అని అడిగితే మాత్రం ఇద్దరూ "ఏమీ లేదండీ" అంటారు. ఈ పనులనే వరుసగా చెప్పగలిగితే సగం బెరుకు తీరినట్లే.

ఇందుకు ఒక దారి ఉంది. 2020-21లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ ప్రవేశపెట్టింది. మొదటి ఏడాది తరువాత పల్లెల్లో సర్వే చేయడం అందులో భాగం. ఇంటింటికీ తిరిగి, తెలియని పెద్దలతో మాట్లాడి, వివరాలు రాసుకున్న విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత మాట దొరుకుతుంది. సంతకాలు పెట్టించుకుని కాగితం అప్పగిస్తే మిగిలేది కాగితమే. కనుక అలా వచ్చిన పిల్లలను గ్రామస్థులు కూర్చోబెట్టి, "ఎందుకు అడుగుతున్నావు, ఏం తేలింది?" అని ఎదురు ప్రశ్న వేయాలి. అది వారికి మేలు చేసినట్లే.

తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది. బ్యాంకులోనో, మండల కార్యాలయంలోనో పని పడినప్పుడు పిల్లలనే ముందు నిలిపి మాట్లాడించాలి. రాత్రి భోజనాలయ్యాక ఆ రోజు చేసిన పనిని ఐదు నిమిషాలు తెలుగులో చెప్పించాలి. మరునాడు అదే మాట ఇంగ్లీషులో చెప్పమనాలి. తప్పులు వస్తాయి. నవ్వకూడదు.

మొదటి ఇంటర్వ్యూ పోతే "పక్కింటివాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు?" అని దెప్పడం కొన్ని ఇళ్లలో వినిపించే మాట. దాని బదులు అక్కడ ఏమేం అడిగారో రాసి పెట్టుకోమంటే, రెండోసారి వెళ్లేటప్పుడు ఆ కాగితమే అక్కరకు వస్తుంది.