స్త్రీల వైద్య విభాగం ముందు నిలబడిన బిడ్డలు

పాలకోడు చుట్టుపక్కల పల్లెల నుండి ఆసుపత్రికి వెళ్ళే తెలుగు తల్లులకు తోడు వెళ్ళడం నాకు అలవాటైన పని. ఇంటి తెలుగు తప్ప మరొకటి రాని తల్లికి, తమిళంలో ప్రశ్నలడిగే డాక్టరుకు నడుమ నేను మాట అందిస్తూ ఉంటాను. కొంతకాలం క్రితం అలాగే ఒక తల్లితోను, ఇరవై ఆరేళ్ళ ఆమె బిడ్డతోను బయలుదేరాను. ఆ బిడ్డ ఒకప్పుడు నా తరగతిలో రెండు జడలతో కూర్చున్న విద్యార్థిని. నేడు దూరపు పట్టణంలో బనియన్ల కంపెనీలో పని చేసుకొంటూ మగవానిగా జీవిస్తున్నాడు. గడ్డం వచ్చింది, గొంతు మారింది. అయితే మూడు వారాలుగా రక్తస్రావం ఆగలేదు.

అంతకు ముందు అతడు ఒంటరిగా ఒక ఆసుపత్రికి వెళ్ళాడట. ఓపీ చీటీలో ఉన్న పాత పేరును గట్టిగా పిలిచారు. గడ్డమున్న మనిషి లేచేసరికి వరుసలో ఉన్న ఆడవారందరూ తిరిగి చూశారు, కొందరు నవ్వారు. "ఇక్కడికి మగవాళ్ళు రాకూడదు" అన్నారట. అతడు మారు మాట్లాడక ఇంటికి వచ్చేశాడు. ఆ తరువాత పది రోజులు రక్తం పోతూనే ఉన్నది. నవ్వినవారికి ఆ సంగతి తెలియదు.

ఇటువంటి బిడ్డలు మన పల్లెలలో లేరని అనుకోవడం పొరపాటు. ఉన్నారు, ఎక్కువమంది ఊరు విడిచిపోతున్నారు, అంతే. పుట్టినప్పుడు మగబిడ్డ అని వ్రాయించుకొని స్త్రీగా జీవించేవారిని తమిళంలో తిరునంగై అంటారు. ఆడబిడ్డ అని వ్రాయించుకొని పురుషుడుగా జీవించేవారిని తిరునంబి అంటారు. రెండూ గౌరవవాచకాలే. తిరునంగై అనే మాటను ప్రభుత్వ వ్యవహారంలో నిలిపినది ఆనాటి ముఖ్యమంత్రి కరుణానిధి. మన తెలుగులో మాత్రం వాడుకలో ఉన్న మాటలలో అధికభాగం తిట్లే. బృహన్నలను, శిఖండిని భారతంలో చదువుకొన్న జాతికి ఇది ఎలా పట్టిందో నాకు బోధపడదు. డాక్టరు "తిరునంబి" అన్నప్పుడు ఆ తల్లికి ఏమని చెప్పాలో తోచక, "మగవానిగా బ్రతుకుతున్న మీ బిడ్డ" అన్నాను. బిడ్డ అనే మాట ఆడకు, మగకు రెంటికీ చెల్లుతుంది గదా.

మొదట తల్లిదండ్రులు తెలుసుకోవలసినది ఇది మానసిక రోగం కాదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికను సవరించి 2019లో ఆమోదించినప్పుడు దీనిని మానసిక వ్యాధుల అధ్యాయం నుండి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది. ఆ పట్టిక 2022 నుండి అమలులోకి వచ్చింది. గాలి సోకిందని మంత్రగాని వద్దకు, పెళ్ళి చేస్తే సరిపోతుందని పెళ్ళిపీటల మీదకు లాగడం వల్ల బిడ్డ మారదు, దూరమవుతుంది. 'మార్చే వైద్యం' పేరిట ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అటువంటి ప్రయత్నాలను మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో నిషేధించింది. మరుసటి ఏడు జాతీయ వైద్య కమిషన్ దానిని డాక్టర్ల వృత్తి దుష్ప్రవర్తనగా పేర్కొన్నది.

ఇక స్త్రీల వైద్యురాలి గదిలోకి వద్దాము. ఆమె ముందు అడిగినది మూత్రంలో గర్భ పరీక్ష. అతని ముఖం మాడిపోయింది. తల్లి నన్ను అనుమానంగా చూసింది. డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకొని నిదానంగా చెప్పింది: గర్భసంచి ఉన్నవారెవరికి రక్తం ఆగకుండా పోతున్నా మొదట చేసే పరీక్ష ఇదే, ఇందులో అవమానం ఏమీ లేదు. మగ హార్మోను అయిన టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు సాధారణంగా నెలసరి ఆగిపోతుంది. నెలసరి ఆగితే గర్భం రాదని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అండం విడుదల కావచ్చు, గర్భం నిలవచ్చు, అప్పుడు ఆ హార్మోను కడుపులోని శిశువుకు హాని చేస్తుంది. కనుక అవసరమున్నవారు నిరోధ్, కాపర్-టి, లేదా ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే అంతర ఇంజెక్షన్ వంటి పద్ధతులు డాక్టరును అడిగి వాడుకోవాలి.

స్కానింగులో గర్భసంచిలో చిన్న గడ్డ ఉన్నట్లు తెలిసింది. ఆడవారిలో ఎందరికో వచ్చే మామూలు గడ్డయే. "గర్భసంచి తీసేస్తారా?" అని తల్లి అడిగింది. అక్కరలేదు, మందులతో చూద్దామన్నారు. కోరుకొన్న తిరునంబులకు ఆ శస్త్రచికిత్స చేస్తారు గాని, తరువాత బిడ్డను మోసే అవకాశం మరల ఉండదు కనుక ముందే ఆలోచించి చెప్పుమన్నారు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. అతడు ఏడాదిగా ఇంజెక్షన్లు స్నేహితుని ద్వారా తెప్పించుకొని పరీక్షలు లేకుండానే వేయించుకొన్నాడు. ఈ హార్మోను వల్ల రక్తం చిక్కబడవచ్చు. అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పదు. ఆగిన నెలసరి తిరిగి కనిపిస్తే, మోతాదు తానే పెంచుకోకుండా స్త్రీల వైద్యులకు చూపించుకోవాలి.

గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం అక్కడ క్యాన్సర్ రాగలదు. గడ్డం ఉన్నదని క్యాన్సర్ వెనుదిరిగిపోదు. ముప్పై దాటినవారు ప్రభుత్వ ఆసుపత్రిలో చేసే ముందస్తు పరీక్ష చేయించుకోవాలి. మగ హార్మోను వల్ల యోని పొర పొడిబారి పరీక్ష నొప్పిగా ఉంటుంది కనుక, చిన్న పరికరం వాడమని అడగడంలో తప్పు లేదు. తామే స్వయంగా నమూనా తీసి ఇచ్చే వైరస్ పరీక్షను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. అయితే అది అన్ని చోట్లా దొరకదు.

తిరునంగైల విషయంలో ప్రమాదం మరొక రకమైనది. నిర్వాణం పేరిట వైద్యం చదవని వారి చేత రహస్యంగా కోయించుకొన్నవారు ఎందరో ఉన్నారు. రక్తం పోయి ప్రాణం మీదకు రావచ్చు. బ్రతికి బయటపడినా మూత్రద్వారం ముడుచుకొని జీవితాంతం బాధ పడవచ్చు. మన రాష్ట్రంలో ఈ గతి పట్టనక్కరలేదు. తమిళనాడు ప్రభుత్వం 2008 ఏప్రిల్‌లో వీరి సంక్షేమానికి ప్రత్యేక బోర్డు ఏర్పాటు చేసింది. చెన్నైలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోను, కీల్పాక్కం వైద్య కళాశాల ఆసుపత్రిలోను ఈ శస్త్రచికిత్సలు ఉచితంగా జరిగాయి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఆసుపత్రులలో వీరికి తగిన వైద్యం అందించమని ప్రభుత్వాలను ఆదేశించింది.

మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, త్వరగా మార్పు రావాలని రోజుకు నాలుగైదు మ్రింగే తిరునంగైలు ఉన్నారు. వీటివల్ల కాలి నరాలలో రక్తం గడ్డకట్టవచ్చు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ముప్పు మరింత ఎక్కువ. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. వృషణాలు తీయించుకొన్న తరువాత ఏ హార్మోనూ వాడకపోతే ఎముకలు పలచబడతాయి. శస్త్రచికిత్సతో యోనిని నిర్మించుకొన్నవారికి అది మూసుకుపోకుండా చాలాకాలం సంరక్షణ కావాలి. సుఖవ్యాధుల పరీక్ష వీరికీ అవసరమే.

తెలుగు రాష్ట్రంలో జరిగినది ఒకటి చెప్పాలి. హైదరాబాదులో 2021లో మిత్ర్ అనే పేరుతో ట్రాన్స్‌జెండర్లకోసం ఒక క్లినిక్ తెరిచారు. అమెరికా ప్రభుత్వ నిధులు నిలిచిపోవడంతో 2025 మొదట్లో అది మూతబడింది. తరువాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ పేరున మరల తెరుచుకొన్నది. దాతల మీద ఆధారపడిన తలుపు ఎప్పుడు మూసుకుంటుందో చెప్పలేము. అందువల్లనే ప్రభుత్వ ఆసుపత్రిలోని మామూలు స్త్రీల విభాగమే వీరిని చేర్చుకోవాలని నా అభిప్రాయం. హైదరాబాదులోనే ఉస్మానియా ఆసుపత్రిలో 2022 నవంబరులో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. అటువంటి బిడ్డ డాక్టరు కుర్చీలో కూడా కూర్చోగలదని మన తల్లులకు తెలియాలి.

ఆసుపత్రికి వెళ్ళేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. చీటీ వ్రాసేచోటే ఏ పేరుతో పిలవాలో నెమ్మదిగా చెప్పవచ్చు. వాడిన ఇంజెక్షన్ల, మాత్రల అట్టలు వెంట తీసుకొని వెళ్ళండి. ఏ శస్త్రచికిత్స జరిగిందో, శరీరంలో ఏ అవయవాలు ఉన్నాయో డాక్టరు వద్ద దాచవద్దు. అది తెలియకపోతే ఏ పరీక్ష చేయాలో ఆమెకూ తెలియదు. హెచ్ఐవి పరీక్షను మీ సమ్మతి లేకుండా చేయరాదని, ఫలితాన్ని బయటపెట్టరాదని 2017 నాటి చట్టం చెబుతున్నది. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో నంబిక్కై మయ్యం అనే పలక ఉన్న గదిలో ఈ పరీక్ష ఉచితం. సందేహాలకు 1097 నంబరుకు రుసుము లేకుండా ఫోను చేయవచ్చు.

ఆనాడు తిరిగివచ్చే బస్సులో ఆ తల్లి మందుల సంచిని ఒడిలో పెట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గరపడుతుండగా నా వైపు వంగి, "టీచరమ్మా, వానికి ఈ మాత్రలు అన్నానికి ముందా, తిన్న తరువాతనా?" అని అడిగింది. అంతవరకూ ఆమె నోట నేను "దానికి" అనే మాటే విన్నాను. తిన్న తరువాత అని చెప్పాను.