బ్లేడు సర్వరులు: లెక్కల యంత్రముల ఉమ్మడి కాపురము

సహకార సంఘ సభ్యుడు తన వాటాధనము, డిపాజిట్టు, అప్పు బాకీ ఏ పుస్తకములో వ్రాయబడియున్నవో, ఆ పుస్తకము ఎచ్చట భద్రముగ నున్నదో తెలిసికొనియుండుట మంచిది. పూర్వము ఈ ప్రశ్నకు జవాబు సులభము. సంఘపు బీరువాను చూపిన చాలును. కాని 2022 సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సంఘములన్నిటికిని ఒకే తరహా సాఫ్టువేరు ఉండవలెననియు, లెక్కలు ఊరిలోని కంప్యూటరులోనే గాక దూరముననుండు డేటా సెంటరులో నిలువయుండవలెననియు ఆ పథకముయొక్క ఉద్దేశము. ఏ డేటా సెంటరు ఏ తరహా యంత్రమును వాడునన్నది వేరు విషయము. అట్టి చోట్ల విశేషముగ వాడుకలోనికి వచ్చిన ఒక అమరికను, దాని లాభనష్టములను రైతుసోదరులకు తెలియజేయుటకే ఈ వ్యాసము.

విడి కాపురముల నష్టము

డేటా సెంటరులోని కంప్యూటరును సర్వరు అందురు. అడిగిన లెక్కను చేసి జవాబు పంపుటయే దాని పని. మొదట ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరును కొనుచుండిరి: జీతములకొకటి, ఖాతాలకొకటి, ఉత్తరప్రత్యుత్తరములకొకటి. వీనిలో అనేకము తమ శక్తిలో స్వల్పభాగమును మాత్రమే వినియోగించి, తక్కిన కాలమంతయు ఊరక కరెంటును తినుచు వేడిని విడుచుచుండెడివి. అయిదెకరముల ఆసామి ఒక్కొక్క మడికి ఒక్కొక్క ఎడ్లజతను మేపినట్లుండెను.

దీనికి విరుగుడుగ వచ్చిన పద్ధతికి వర్చువలైజేషను అని పేరు. ఒక నిజమైన సర్వరును సాఫ్టువేరుచేత అనేక కల్పిత సర్వరులుగ విభజింతురు. ప్రతి కల్పిత సర్వరును యంత్రమంతయు తనదేయన్నట్లు పనిచేయును. ఐబీయం సంస్థ 1972లోనే తన పెద్ద యంత్రములకు వీయం/370 అను ఇట్టి సాఫ్టువేరును ప్రకటించెను. 1998లో అమెరికాలో స్థాపింపబడిన వీయంవేర్ సంస్థ 2001లో సామాన్య సర్వరులకును ఈ సదుపాయమును తెచ్చెను. 2003లో, పనిచేయుచున్న కల్పిత సర్వరును ఆపకుండగనే ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు మార్చు ఉపాయమును కూడ అందించెను.

బ్లేడు పెట్టె నిర్మాణము

కల్పిత సర్వరులు పెరిగినకొలది, వానిని మోయు నిజమైన సర్వరులను తక్కువ చోటులో అమర్చవలసి వచ్చెను. బ్లేడు అనగా పలుచని పలకవంటి సర్వరు. దానిలో ప్రాసెసరును మెమరీయును ఉండును. కరెంటు సరఫరా, గాలి, బయటి తీగెలు పలకలన్నిటికిని కలిపి ఒకే పెట్టెలో నుండును. వంటయిల్లును బావియును ఉమ్మడిగ నుంచుకొని, ఎవరి గదిలో వారు పనిచేసికొను పెద్ద లోగిలివలె నుండును.

హెచ్‌పీ సంస్థ 2006లో తెచ్చిన సీ7000 అను పెట్టె ఎత్తు 17.5 అంగుళములు. అందులో చిన్న తరహా బ్లేడులు 16 పట్టెడివి. వానికన్నిటికిని కలిపి 6 కరెంటు సరఫరాలును 10 పంకాలును ఉండెను. అవే 16 సర్వరులను విడివిడిగ పెట్టినయెడల, ఒక్కొక్కటి 1.75 అంగుళముల చొప్పున 28 అంగుళముల ఎత్తు పట్టును. ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున 32 కరెంటు సరఫరాలు కావలెను.

సిస్కో సంస్థ 2009లో యూసీయస్ అను అమరికను ప్రకటించెను. దాని పెట్టెలో 10.5 అంగుళముల ఎత్తున 8 బ్లేడులు పట్టెడివి. దీని విశేషమేమనగా, సర్వరు గుర్తులును ఏర్పాటులును బ్లేడులో గాక, పైన నుండు జంట యంత్రములలో వ్రాయబడియుండును. ఒక బ్లేడు చెడిన, ఆ వ్రాతను మఱియొక బ్లేడునకు తగిలించిన చాలును. ఎడ్లు మారినంతమాత్రమున పొలము పట్టా మారదు గదా!

ఉమ్మడిలోని అపాయము

చెరువు కట్ట తెగినయెడల ఒక మడికి మాత్రమే గాక ఆయకట్టునకంతయు నీరు పోవును. ఇదియు నట్టిదే. కరెంటు సరఫరాలు, పంకాలు, తీగెల మార్గములు అదనముగ నుంచినను పెట్టె యొక్కటే, గది యొక్కటే. నిప్పుగాని వరదగాని వచ్చినను, ఏర్పాటులో తప్పు దొరలినను, అన్ని బ్లేడులకును ఒక్కసారిగ దెబ్బ తగులవచ్చును.

పనిని ఆపకుండ మార్చు ఉపాయము మొదటి యంత్రము బ్రదికియున్నంతవరకే చెల్లును. బ్లేడు హఠాత్తుగ చెడిపోయిన, దానిపైనున్న కల్పిత సర్వరులు వేఱు బ్లేడుపై మరల మొదలు కావలెను. కొంతసేపు పని నిలిచిపోవును. ఆ వేఱు బ్లేడునందు చోటు ఖాళీగ నుండవలెను గూడ. సమానమైన 8 బ్లేడులున్నచోట 7 బ్లేడుల పనిమాత్రమే ఎక్కించుట వివేకము. ఎనిమిదింటిని నిండుగ నింపి లాభించితిమనుట, విత్తనపు గింజలను గూడ అమ్మి లాభమనుటవంటిది.

సాధారణముగ ఖాతాలు బ్లేడులో గాక, అన్నిటికిని ఉమ్మడియైన వేఱు నిలువ యంత్రములో నుండును. అది చెడిన బ్లేడులెన్ని బాగుండియు ప్రయోజనము లేదు. అందుచేత మఱియొక ఊరిలో రెండవ ప్రతి ఉండవలెను. అదియైనను చాలదు. ఇచ్చట తప్పు పద్దు పడిన క్షణముననే అచ్చటను తప్పు పడునట్టి ప్రతి, తప్పునకు నకలు మాత్రమే. తేదీలవారీగ పాత ప్రతులు విడిగ భద్రపరచియున్ననే నిన్నటి సరియైన లెక్క మరల దొరకును.

కట్టుబాటు ఖర్చు

ఒక సంస్థవారి బ్లేడు మఱియొక సంస్థవారి పెట్టెలో పట్టదు. పెట్టెను కొన్నవారు చాలకాలము ఆ సంస్థవారి ధరలకే కట్టుబడియుందురు. సాఫ్టువేరు విషయమును ఇట్టిదే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీయంవేరును కొనెను. డిసెంబరులో శాశ్వత హక్కుల విక్రయమును నిలిపి, గడువు చొప్పున చందా చెల్లించు పద్ధతినే ఉంచెను. క్రొత్తగ కొనువారికి సొంత పొలము పోయి కౌలు మిగిలినట్లయ్యెను. రెండు మూడు సర్వరులతో తీరు పనికి ఇంత పెట్టెను కొనుటయు దండుగ; సగము ఖాళీయైన లోగిలికి మరమ్మతు ఖర్చు తగ్గదు.

సభ్యులు అడుగదగినవి

యంత్రములను మనము కొనము. అయినను లెక్క మనది. కావున సర్వసభ్య సమావేశమున పాలకవర్గమువారిని ఈ ప్రశ్నలు అడుగవచ్చును:

1. మన లెక్కల రెండవ ప్రతి వేఱొక ఊరిలో నున్నదా?

2. పాత తేదీల ప్రతులను ఎన్ని దినములవరకు ఉంచుచున్నారు?

3. ఆ ప్రతినుండి లెక్కను మరల తీసి, సరిచూచిన తేదీ ఏది?

4. యంత్రము నిలిచిన దినమున రుణములు, వసూళ్లు ఏ పుస్తకములో వ్రాయుదురు?

మూడవ ప్రశ్న అన్నిటిలోను ముఖ్యము. మొలక చూడని విత్తనమును నమ్మి తొలకరికి దుక్కిలో వేయము గదా! తీసి చూడని ప్రతియు అట్టిదే. ఖరీఫు ఆరంభమున, అప్పు కావలసిన వారములోనే ఖాతా కానరాకున్న నష్టపడువాడు యంత్రపు వర్తకుడు కాడు, రైతు. కావున సభ్యులు తమ రసీదులను, పాసు పుస్తకములను పారవేయక దాచుకొని, ఏడాదికొకసారి సంఘపు లెక్కతో సరిచూచుకొనవలెనని మనవి.