పటాల ఫైళ్ల జాబితా, లెక్కింపు: ఊరిపేర్ల పరిశోధకులకు ప్రోగ్రామింగ్ అక్కరలేని పద్ధతి

వ్యాససంగ్రహం

ఊరిపేర్లను, మాండలిక పదాలను పటాలపై గుర్తించే పరిశోధకుల వద్ద పటాల ఫైళ్లు వందల్లో పోగవుతాయి. ఒక ఫోల్డరులో ఎన్ని పటాలున్నాయో తెలియడానికి ఫైళ్లను లెక్కిస్తే చాలదు. ప్రతి పటానికీ కావలసిన భాగాలన్నీ ఉన్నాయో లేదో చూడాలి. ప్రోగ్రామింగ్ తెలియనివారు ఎక్సెల్ సాయంతో ఈ పని చేసుకునే విధానాన్ని ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: ఊరిపేర్లు, షేప్‌ఫైలు, జియోప్యాకేజీ, ఎక్సెల్, పైవట్ టేబుల్

1. ఉపోద్ఘాతం

తెలుగులో భాషను ప్రాంతంతో ముడిపెట్టి చూసిన పరిశోధనకు మంచి సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊరిపేర్లపై పరిశోధించి డాక్టరేట్ పొందారు. ఆ తరం పరిశోధకుల ఆధారాలు కాగితం మీద ఉండేవి. ఏది ఉందో, ఏది పోయిందో కంటికి కనిపించేది. నేటి పరిశోధకుని ఆధారాలు కంప్యూటర్ ఫోల్డర్లలో ఉంటున్నాయి. అక్కడ లోటు అంత సులువుగా బయటపడదు.

ఈ వ్యాసరచనకు సొంత అనుభవమే ప్రేరణ. నా ఊరిపేర్ల సేకరణలో ఒక మండలం పటాన్ని తెరిచినప్పుడు ఎల్లలు కనిపించాయి గాని పేర్లు కనిపించలేదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించేటప్పుడు ఒక ఫైలు వదిలిపోయింది. అప్పటికే ఆ మండలాన్ని లెక్కలో చేర్చి ఒక పత్రం రాసి ఉన్నాను. మొత్తం ఫైళ్ల సంఖ్య చూసి తృప్తిపడటమే నేను చేసిన పొరపాటు.

2. ఒక పటం, అనేక ఫైళ్లు

పటాల సమాచారానికి విరివిగా వాడే రూపం షేప్‌ఫైలు. ఎస్రీ సంస్థ దీని సాంకేతిక వివరణను 1998 జూలైలో ప్రచురించింది. పేరులో ‘ఫైలు’ అని ఉన్నా ఇది ఒక్క ఫైలు కాదు. ఒకే పేరుతో, వేర్వేరు ఎక్స్‌టెన్షన్లతో ఉండే ఫైళ్ల కూటమి. అందులోని ముఖ్య భాగాలు ఇవి:

• ఎస్‌హెచ్‌పి: బిందువులు, గీతలు, ఎల్లలు.
• ఎస్‌హెచ్‌ఎక్స్: ఆ ఆకృతుల సూచిక.
• డిబిఎఫ్: ఊరిపేరు, మండలం వంటి వివరాల పట్టిక.
• పిఆర్‌జె: పటం భూమిపై ఎక్కడ కూర్చోవాలో తెలిపే నిర్దేశాంక వ్యవస్థ.
• సిపిజి: పట్టికలోని అక్షరాలు ఏ సంకేతపద్ధతిలో ఉన్నాయో తెలిపే చిన్న ఫైలు.

వీటిలో మొదటి మూడూ తప్పనిసరి. చివరి రెండూ ఐచ్ఛికాలే అయినా తెలుగు పరిశోధకునికి అవసరమైనవే. పట్టికలో తెలుగు పేర్లు యూటీఎఫ్-8లో ఉండి సిపిజి లేకపోతే, అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపించవచ్చు. డిబిఎఫ్ పోతే నష్టం ఇంకా పెద్దది: ఎల్లలు మిగులుతాయి, పేర్లు పోతాయి. ఊరిపేర్ల పరిశోధనలో పేర్లే ఆధారాలు కనుక, అటువంటి పటం ఉన్నా లేనట్టే.

దీనికి విరుద్ధమైన రూపాలూ ఉన్నాయి. జియోప్యాకేజీ చూడటానికి ఒక్క ఫైలే గాని, అందులో పటపు పొరలు ఎన్నైనా ఉండవచ్చు. కనుక షేప్‌ఫైళ్లను ఫైళ్లుగా లెక్కిస్తే సంఖ్య పెరుగుతుంది. జియోప్యాకేజీలను అలా లెక్కిస్తే తగ్గుతుంది.

3. మొత్తం సరిపోయినా లోటు ఉండవచ్చు

తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. 2019లో ములుగు, నారాయణపేట చేరడంతో 33 అయింది. జిల్లాకొక షేప్‌ఫైలు చొప్పున ఊరిపేర్ల పటాలు ఒక ఫోల్డరులో ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానికి పైన చెప్పిన ఐదు భాగాలుంటే మొత్తం 165 ఫైళ్లు.

ఇప్పుడు ములుగు పటానికి డిబిఎఫ్ వదిలిపోయిందనుకుందాం. నారాయణపేట పటానికి అదనంగా ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఒక వివరణ ఫైలు చేరిందనుకుందాం. ఒకటి తగ్గి, ఒకటి పెరిగింది. మొత్తం మళ్లీ 165. ఎస్‌హెచ్‌పి ఫైళ్లను మాత్రమే లెక్కించినా 33 వస్తుంది. రెండు లెక్కలూ సరిపోయాయి. ములుగు జిల్లా ఊరిపేర్లు మాత్రం లేవు.

అందువల్ల ‘ఎన్ని?’ అనే ప్రశ్నతో ఆగకుండా ‘దేనికి ఏది ఉంది?’ అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబిచ్చే పట్టికను కింది విధంగా తయారుచేసుకోవచ్చు.

4. ఎక్సెల్‌లో పట్టిక తయారీ

ఎక్సెల్ 2016, ఆ తర్వాతి విండోస్ రూపాల్లో ఫోల్డరులోని ఫైళ్ల జాబితాను నేరుగా తెచ్చుకునే వీలుంది.

4.1. ముందుగా జిప్ ఫైళ్లను విప్పాలి. జాబితాలో జిప్ ఒక్క ఫైలుగానే కనిపిస్తుంది. లోపలివి లెక్కకు రావు.

4.2. ఎక్సెల్‌లో డేటా విభాగానికి వెళ్లి ‘గెట్ డేటా’, ‘ఫ్రమ్ ఫైల్’, ‘ఫ్రమ్ ఫోల్డర్’ ఎంచుకొని ఫోల్డరును చూపాలి. ఉపఫోల్డర్లలోని ఫైళ్లు కూడా వస్తాయి. తర్వాత ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’ నొక్కితే ఫైలు పేరు, ఎక్స్‌టెన్షన్, మార్చిన తేదీ, ఫోల్డరు చిరునామా వేర్వేరు నిలువు వరుసల్లో కనిపిస్తాయి.

4.3. ఫైలు పేరు ఉన్న వరుసను ఎంచుకొని, ట్రాన్స్‌ఫార్మ్ విభాగంలోని ‘ఎక్స్‌ట్రాక్ట్’ కింద ‘టెక్స్ట్ బిఫోర్ డీలిమిటర్’ ద్వారా చుక్కకు ముందున్న భాగాన్ని మాత్రమే ఉంచాలి. దీనితో ఒకే పటానికి చెందిన ఫైళ్లన్నిటికీ ఒకే పేరు మిగులుతుంది. పటాల పేర్ల మధ్యలో చుక్కలు లేకుండా ముందే చూసుకోవాలి.

4.4. ‘క్లోజ్ అండ్ లోడ్’ నొక్కి జాబితాను షీటులోకి తెచ్చి, దాని నుంచి పైవట్ టేబుల్ తయారుచేయాలి. అడ్డువరుసల్లో ఫోల్డరు చిరునామా, దాని కింద పేరు, నిలువువరుసల్లో ఎక్స్‌టెన్షన్, విలువల్లో ఎక్స్‌టెన్షన్ల లెక్క ఉంచాలి.

పై ఉదాహరణలో ప్రతి జిల్లాకు ఒక అడ్డువరుస, ఐదు గళ్లలో ఐదు ఒకట్లు వస్తాయి. ములుగు వరుసలో డిబిఎఫ్ గడి ఖాళీగా ఉంటుంది. మొత్తంలో దాగిన లోటు గడిలో బయటపడుతుంది. ఒకే పేరు రెండు ఫోల్డర్ల కింద కనిపిస్తే పాత, కొత్త ప్రతులు కలిసి ఉన్నాయేమో తేదీలతో పోల్చి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత అనంతపురం, కొత్త అనంతపురం పటాలు ఒకే పేరుతో ఉండటం ఇటువంటి సేకరణల్లో సహజం. వాటిలో ఏ ఎల్లలను అనుసరించారో పరిశోధకుడు స్పష్టంగా చెప్పాలి.

5. పాటించవలసిన జాగ్రత్తలు

జియోప్యాకేజీల లోపలి పొరలను ఎక్సెల్ చూపదు. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లోని బ్రౌజర్ ప్యానెల్‌లో వాటిని విప్పి, పొరల సంఖ్యను విడిగా నమోదు చేసుకోవాలి.

పట్టికలో ఒకటి ఉందంటే ఫైలు ఉందని మాత్రమే అర్థం; అది సరిగా ఉందని కాదు. డిబిఎఫ్‌ను స్ప్రెడ్‌షీటులో తెరిచి, అకారాది క్రమంలో పేర్చి దాచకూడదు. షేప్‌ఫైలులో ఆకృతికీ పేరుకూ ఉన్న సంబంధం వరుస క్రమమే. ఆ క్రమం చెదిరితే ఒక ఊరి పేరు మరొక ఊరికి అంటుకుంటుంది. అందుకే కొన్ని పటాలనైనా తెరిచి, తెలిసిన ఊళ్లతో సరిచూడాలి.

డిబిఎఫ్‌లో నిలువువరుస శీర్షికకు 10 బైట్లే చోటు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘మండలం’ అనే మాటకే 15 బైట్లు కావాలి. కాబట్టి శీర్షికలను రోమన్ లిపిలో పొట్టిగా ఉంచి, ఊరిపేర్లను తెలుగులో రాయడం మేలు.

6. ముగింపు

• షేప్‌ఫైళ్ల విషయంలో ఫైళ్ల సంఖ్య, పటాల సంఖ్య ఒకటి కావు.
• మొత్తం సరిపోవడం సంపూర్ణతకు నిదర్శనం కాదు. పటానికొక అడ్డువరుస, భాగానికొక నిలువువరుస ఉన్న పట్టికే లోటును చూపుతుంది.
• పరిశోధన పత్రంలో పటాల సంఖ్యతోపాటు, లెక్కించిన తేదీనీ, లోపించిన భాగాలనూ పేర్కొనడం ఉచితం.

ఊరిపేర్ల పరిశోధనలో ‘ఈ జిల్లాలో ఫలానా పదంతో ముగిసే పేరు లేదు’ అని చెప్పడం కూడా ఒక నిర్ధారణే. ఆ పేరు ఊళ్లో లేదో, మన ఫోల్డరులో లేదో తేల్చుకున్న తర్వాతనే ఆ మాట అనగలం.